నోలన్ ర్యాన్: తరచుగా అడిగే ప్రశ్నలు

హ్యూస్టన్, డాలస్, ఆస్టిన్ వైపు ఉండే మనవాళ్లకి ఈ పేరు ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటుంది: హైవే బోర్డు మీద, స్టేడియంలో, ఆఫీసులో పక్క సీటాయన మాటల్లో. "ఎవరాయన?" అన్న దగ్గర మొదలై "అంత గొప్పవాడైతే 292 మ్యాచ్‌లు ఎలా ఓడిపోయాడు?" దాకా అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. క్రికెట్ తెలిసి, బేస్‌బాల్ పెద్దగా తెలియని వాళ్ల కోసం వాటన్నిటికీ జవాబులు ఒకచోట చేర్చాను. ఏ ప్రశ్నకి ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## ముందుగా కొన్ని సంగతులు

అసలు నోలన్ ర్యాన్ ఎవరు?

అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 27 సీజన్లు ఆడిన పిచర్. మొదటి మ్యాచ్ 1966లో, 19 ఏళ్ల వయసులో. ఆఖరిది 1993లో, 46 ఏళ్ల వయసులో. న్యూయార్క్ మెట్స్, కాలిఫోర్నియా ఏంజెల్స్, హ్యూస్టన్ ఆస్ట్రోస్, టెక్సస్ రేంజర్స్ టీములకి ఆడారు. మొత్తం 5,714 స్ట్రైకౌట్లు, ఏడు నో-హిట్టర్లు. ఈ రెండు రికార్డులూ ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉన్నాయి. ఆయన ఆడటం మొదలుపెట్టినప్పుడు అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్, మానేసేనాటికి బిల్ క్లింటన్. మధ్యలో ఐదుగురు వచ్చి వెళ్లారు.

పిచర్ అంటే మన బౌలర్ లాంటివాడేనా?

పని అదే, పద్ధతి వేరు. పిచర్‌కి రనప్ ఉండదు. మౌండ్ అనే చిన్న మట్టిదిబ్బ మీద నిలబడి, ఒక్క అడుగు ముందుకేస్తూ విసరాలి. మోచెయ్యి ఎంతైనా వంచొచ్చు. బ్యాటర్‌కి దూరం 18.44 మీటర్లు, బంతి నేలని తాకకుండా నేరుగా వెళ్లాలి. ఇక్కడ ఓవర్లు లేవు. మ్యాచ్ మొదలుపెట్టిన పిచర్ అలిసిపోయేదాకా, లేదా మేనేజర్ మార్చేదాకా ప్రతి బంతీ తనే వేస్తాడు. ఒకసారి మార్చేస్తే ఆ మ్యాచ్‌లో మళ్లీ రావడానికి లేదు. అందుకే ఒక మ్యాచ్ వేశాక నాలుగైదు రోజులు విరామం ఇస్తారు. ర్యాన్ కుర్రాడిగా ఉన్న రోజుల్లో మూడు రోజులకే మళ్లీ మౌండ్ ఎక్కించేవాళ్లు. ఇంకోటి, టీము గెలుపూ ఓటమీ ఒక్కో పిచర్ ఖాతాలో రాస్తారు.

స్ట్రైకౌట్, వాక్, నో-హిట్టర్ అంటే ఏంటి? ఒక్క ముక్కలో చెప్పండి.

బ్యాటర్ మూడు స్ట్రైకులకి అవుటైతే స్ట్రైకౌట్. బంతి బ్యాటర్ మోకాళ్లకీ ఛాతీకీ మధ్య ఉండే ఊహా చతురస్రంలోంచి వెళ్తే స్ట్రైకు, బ్యాటర్ కొట్టబోయి తప్పినా స్ట్రైకే. అలా కాకుండా నాలుగు బంతులు చతురస్రం బయట వేస్తే బ్యాటర్ ఊరికే నడుచుకుంటూ మొదటి బేస్‌కి (పరుగు కోసం చుట్టిరావాల్సిన నాలుగు మజిలీల్లో మొదటిది) వెళ్లిపోతాడు, అది వాక్. మూడు అవుట్లకి ఒక ఇన్నింగ్స్, టీముకి తొమ్మిది ఇన్నింగ్స్, స్కోరు సమంగా ఉంటే ఇంకొన్ని. మ్యాచ్ మొత్తం మీద, అంటే 27 అవుట్లు అయ్యేలోపు, ఎదుటి టీముకి ఒక్క హిట్ (బంతిని కొట్టి బేస్ చేరడం) కూడా దక్కకపోతే నో-హిట్టర్. వాక్‌లు ఇచ్చినా అది నో-హిట్టర్ కిందే లెక్క. వాక్‌తో సహా ఏ రకంగానూ ఒక్కడు కూడా బేస్ చేరకపోతే దాన్ని పర్ఫెక్ట్ గేమ్ అంటారు. ర్యాన్ పర్ఫెక్ట్ గేమ్ ఎప్పుడూ వేయలేదు.

షోయబ్ అక్తర్ కంటే ఫాస్టా?

1974 ఆగస్టు 20న అనహైమ్‌లో ర్యాన్ వేసిన ఒక బంతి గంటకి 100.9 మైళ్లు, అంటే 162.4 కిలోమీటర్లుగా నమోదైంది. గిన్నిస్ బుక్‌లోకి కూడా ఎక్కింది. అక్తర్ 2003 ప్రపంచకప్‌లో వేసిన రికార్డు బంతి 161.3 కిలోమీటర్లు. కానీ ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చడం న్యాయం కాదు. ఒకరు చెయ్యి వంచి విసిరారు, ఇంకొకరు చెయ్యి చాచి వేశారు. బంతుల బరువు కూడా వేరు. ఇంకో సంగతి, 1974లో వేగాన్ని బంతి బ్యాటర్ దగ్గరికి చేరుతున్నప్పుడు కొలిచారు. ఇప్పుడు చేతిలోంచి వదిలిన క్షణంలోనే కొలుస్తారు, దారిలో బంతి వేగం తగ్గుతుంది కాబట్టి అంకె ఎక్కువ వస్తుంది. ఇప్పటి పద్ధతిలో అధికారిక రికార్డు ఆరోల్డిస్ చాప్‌మన్ 2010లో వేసిన 105.8 మైళ్ల బంతిది. ర్యాన్ బంతిని ఇలా కొలిచి ఉంటే దాన్నీ దాటేదని నమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు. నేనూ వాళ్లలో ఒకణ్ణే.

## ఆల్విన్ రోజులు

ఆయనది ఏ ఊరు?

పుట్టింది టెక్సస్‌లోని రెఫ్యూజియోలో, 1947 జనవరి 31న. పెరిగింది హ్యూస్టన్‌కి దక్షిణంగా ఉన్న ఆల్విన్‌లో. పియర్‌లాండ్ మీనాక్షి గుడికి వెళ్లేవాళ్లకి ఆల్విన్ పక్క ఊరే. ఆరుగురు పిల్లల్లో ఆఖరివాడు. తండ్రి ఆయిల్ కంపెనీలో ఉద్యోగం చేస్తూ, పిల్లల చదువులకి డబ్బు సరిపోక హ్యూస్టన్ పోస్ట్ పేపర్ ఏజెన్సీ కూడా నడిపేవారు. నోలన్ అర్ధరాత్రి దాటాక లేచి తండ్రితో కూర్చుని పేపర్లు చుట్టి, మళ్లీ కాసేపు పడుకుని స్కూలుకి వెళ్లేవారు.

చిన్నప్పుడే పెద్ద స్టారా?

కాదు. వేగం ఉంది, గురి లేదు. ఆల్విన్ హైస్కూల్లో ఎదుటి బ్యాటర్లు ఆయన బంతికి భయపడేవాళ్లు, ఎటు వస్తుందో తెలియదు కాబట్టి. మనిషి చూస్తే బక్కపల్చగా ఉండేవారు. ఆ చేతి విలువ ముందు కనిపెట్టింది మెట్స్ టీము స్కౌట్ (కొత్త ఆటగాళ్లని వెతికే మనిషి) రెడ్ మర్ఫ్. ఆయన పట్టుబట్టి రిపోర్టులు పంపుతూనే ఉన్నారు. తీరా మెట్స్ పెద్దలు స్వయంగా చూడ్డానికి వచ్చిన రోజు ర్యాన్ బాగా వేయలేకపోయారు.

డ్రాఫ్ట్‌లో ఎన్నో నంబరు?

295. టీములు వంతులవారీగా కుర్ర ఆటగాళ్లని ఎంచుకునే మేజర్ లీగ్ డ్రాఫ్ట్ అన్నది మొదలైందే 1965లో. ఆ మొదటి డ్రాఫ్ట్‌లో మెట్స్ ఆయన్ని 12వ రౌండ్‌లో తీసుకున్నారు. అంటే ఆయన కంటే ముందు 294 మందిని ఎంచుకున్నారు. స్ట్రైకౌట్ల రికార్డు మటుకు ఈ 295వ కుర్రాడిది.

నేరుగా పెద్ద లీగ్‌లోకి వెళ్లిపోయారా?

బేస్‌బాల్‌లో అది దాదాపు జరగదు. ముందు మైనర్ లీగుల్లో, చిన్న ఊళ్లలో బస్సుల్లో తిరుగుతూ ఆడాలి. ర్యాన్ వర్జీనియాలోని మారియన్‌లో మొదలుపెట్టారు. 1966లో సౌత్ కరోలినాలోని గ్రీన్‌విల్‌లో 17 గెలిచి 2 ఓడారు, 183 ఇన్నింగ్స్‌లో 272 స్ట్రైకౌట్లు. ఆ సెప్టెంబరు 11న మెట్స్ పిలిపించి న్యూయార్క్‌లో దింపారు. తర్వాతి ఏడాది ఆర్మీ రిజర్వ్ డ్యూటీ, అనారోగ్యం, చేతి నొప్పితో దాదాపు అంతా పోయింది. 1968 నుంచి మెట్స్‌లో నిలదొక్కుకున్నారు.

## న్యూయార్క్ మెట్స్ (1966, 1968–71)

వేళ్లని ఊరగాయ నీళ్లలో నానబెట్టేవారట, నిజమేనా?

నిజమే. బంతి కుట్టు మీద వేళ్లు గట్టిగా ఒరుసుకుని కుడిచేతి వేళ్లకి బొబ్బలు వచ్చేవి. రెండు మూడు ఇన్నింగ్స్ వేయగానే అవి చిట్లిపోయేవి. మెట్స్ ట్రైనర్ గస్ మాక్ దోసకాయలు ఊరబెట్టిన ఉప్పునీళ్లు తెప్పించి, చర్మం గట్టిపడాలని వాటిలో వేళ్లు ముంచి ఉంచమన్నారు. పత్రికలవాళ్లకి అది సరదా వార్త. ఆయనకి అది బతుకుతెరువు సమస్య. బొబ్బ వస్తే బంతి పట్టు మారుతుంది, పట్టు మారితే గురి పోతుంది.

వరల్డ్ సిరీస్ గెలిచారా?

మేజర్ లీగ్ ఛాంపియన్‌ని తేల్చే ఆ ఆఖరి సిరీస్‌ని ఒక్కసారి గెలిచారు, 1969లో. అప్పటిదాకా అందరూ నవ్వుకునే టీముగా ఉన్న మెట్స్ ఆ ఏడాది బాల్టిమోర్ ఓరియోల్స్‌ని ఓడించి అమెరికా మొత్తాన్ని ఆశ్చర్యపరిచింది. ర్యాన్ ఆ సిరీస్‌లో మూడో మ్యాచ్ చివర్లో వచ్చి 2⅓ ఇన్నింగ్స్ వేసి గెలుపు కాపాడారు. వరల్డ్ సిరీస్‌లో ఆయన వేసిందంతా అంతే. తర్వాత 24 సీజన్లు ఆడినా మళ్లీ అక్కడికి చేరలేదు.

మెట్స్ ఆయన్ని ఎందుకు వదులుకున్నారు?

వాళ్లకి మూడో బేస్‌లో ఆడే మనిషి కావాలి, ర్యాన్ గురి మీద నమ్మకం సడలింది. ఐదు సీజన్లలో 29 గెలుపులు, 38 ఓటములు. పైగా న్యూయార్క్ ఆయనకీ భార్య రూత్‌కీ పడలేదు, వేరే టీముకి పంపమని ఆయనే అడిగారు. 1971 డిసెంబరు 10న జిమ్ ఫ్రెగోసీ కోసం ర్యాన్‌ని, ఆయనతోపాటు ఇంకో ముగ్గుర్ని ఏంజెల్స్‌కి ఇచ్చేశారు. ఫ్రెగోసీ పేరున్న ఆటగాడే, ఏటా మేటి ఆటగాళ్లతో జరిగే ఆల్‌స్టార్ మ్యాచ్‌కి ఆరుసార్లు ఎంపికయ్యారు. మెట్స్‌కి మాత్రం ఏడాదిన్నర ఆడి అచ్చిరాక వెళ్లిపోయారు. బేస్‌బాల్‌లో అతి చెడ్డ బేరాల జాబితా ఎవరు రాసినా ఇది ఉండి తీరుతుంది. ఆ ఫ్రెగోసీయే 1978లో ఏంజెల్స్ మేనేజర్‌గా వచ్చి ర్యాన్‌కి బాస్ అయ్యారు.

## కాలిఫోర్నియా ఏంజెల్స్ (1972–79)

అక్కడికి వెళ్లగానే ఎలా మారిపోయారు?

మూడు కారణాలు కనిపిస్తాయి. పిచింగ్ కోచ్ టామ్ మోర్గన్, క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) జెఫ్ టోర్‌బర్గ్ కలిసి ఆయన విసిరే తీరు సరిచేశారు. తొందరపడి శరీరం ముందుకి పడిపోకుండా ఆపారు. రెండోది, నాలుగో రోజుకల్లా కచ్చితంగా మ్యాచ్ దొరికింది. మెట్స్‌లో ఎప్పుడు ఆడిస్తారో తెలిసేది కాదు. మూడోది బరువులు ఎత్తడం. ఆ రోజుల్లో బరువులు ఎత్తితే పిచర్ చెయ్యి బిగుసుకుపోతుందని అందరి నమ్మకం. ర్యాన్ ఎవరూ లేనప్పుడు స్టేడియం జిమ్‌లోకి వెళ్లి సొంతంగా మొదలుపెట్టారు. 1972లో 19 గెలుపులు, 329 స్ట్రైకౌట్లు.

383 అన్న అంకె గురించి ఎందుకంత గొప్పగా చెబుతారు?

1973లో ఆయన చేసిన స్ట్రైకౌట్లు అవి. 1900 తర్వాత ఒక సీజన్‌లో ఎవరూ అన్ని చేయలేదు. అంతకుముందు రికార్డు శాండీ కూఫాక్స్‌ది, 1965లో 382. ఒక్కటే తేడా. ఆ ఒక్కటీ సీజన్‌లో ర్యాన్ ఆఖరి మ్యాచ్ 11వ ఇన్నింగ్స్‌లో వచ్చింది. మిన్నెసోటా ట్విన్స్ ఆటగాడు రిచ్ రీస్ మూడో స్ట్రైకుకి ఊపి తప్పాడు. తొమ్మిది ఇన్నింగ్స్‌కే మ్యాచ్ అయిపోయి ఉంటే రికార్డు ఉండేది కాదు.

ఎవరో బ్యాట్ బదులు టేబుల్ కాలు పట్టుకొచ్చారటగా?

డెట్రాయిట్ టైగర్స్ ఆటగాడు నార్మ్ క్యాష్, 1973 జులై 15న. ర్యాన్ ఆ రోజు 17 మందిని స్ట్రైకౌట్ చేశారు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇద్దరు అవుటయ్యాక, నో-హిట్టర్‌కి ఒక్క అవుట్ దూరంలో, క్యాష్ డ్రెస్సింగ్ రూమ్‌లోంచి ఊడదీసిన టేబుల్ కాలు భుజాన వేసుకుని వచ్చారు. బ్యాట్ ఉన్నా లేనట్టే కదా అన్నది ఆయన భావం. అంపైర్ రాన్ లూసియానో వెనక్కి పంపి అసలు బ్యాట్ తెప్పించారు. క్యాష్ గాల్లోకి లేపిన బంతిని షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) పట్టారు. ర్యాన్‌కి అది రెండో నో-హిట్టర్. మొదటిది రెండు నెలల ముందు, మే 15న, కాన్సస్ సిటీలో.

ఒకే మ్యాచ్‌లో 235 బంతులు వేశారన్నది నమ్మొచ్చా?

నమ్మొచ్చు. 1974 జూన్ 14, బోస్టన్ రెడ్ సాక్స్‌తో మ్యాచ్. ర్యాన్ 13 ఇన్నింగ్స్ వేశారు: 19 స్ట్రైకౌట్లు, 10 వాక్‌లు. సెసిల్ కూపర్ ఒక్కడే ఆరుసార్లు స్ట్రైకౌట్ అయ్యాడు. అవతల బోస్టన్ పిచర్ లూయిస్ టియాంట్ 15వ ఇన్నింగ్స్ దాకా మౌండ్ దిగలేదు. ఏంజెల్స్ 15 ఇన్నింగ్స్‌లో 4–3 తేడాతో గెలిచారు. ఈ రోజుల్లో 100 బంతులు దాటితే మేనేజర్‌కి టెన్షన్ మొదలవుతుంది. అప్పటి పద్ధతే మంచిదని నేను అనను. 235 బంతులు చాలామంది చేతుల్ని ముగించేస్తాయి. ర్యాన్ శరీరం అందరి శరీరం లాంటిది కాదు.

ఎక్కువ వాక్‌లు ఇచ్చిందీ ఆయనేనట. మరి గొప్ప పిచర్ ఎలా అవుతారు?

అవును, 2,795 వాక్‌లు, చరిత్రలో అందరికంటే ఎక్కువ. రెండో స్థానంలో ఉన్న స్టీవ్ కార్ల్‌టన్‌కి 1,833 మాత్రమే. 1974లో 202, 1977లో 204 ఇచ్చారు. విమర్శకులు పట్టుకునేది ఈ అంకెనే, అది న్యాయమైన విమర్శే.

కానీ ఆయన ఆట చూస్తే ఈ వాక్‌లు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుస్తుంది. మూడు బంతులు బయటికి పోయాక మామూలు పిచర్ ఏం చేస్తాడు? వేగం కాస్త తగ్గించి, స్ట్రైకు పడేలా మధ్యలో వేస్తాడు. బ్యాటర్లు కాచుకుని ఉండేది దానికోసమే. ర్యాన్ ఆ బంతి వేయడానికి ఒప్పుకునేవారు కాదు. నాలుగోది కూడా పూర్తి బలంతోనే, లేదా వంపు తిరిగి మోకాళ్ల దగ్గర జారిపోయే కర్వ్‌బాల్. పడితే స్ట్రైకౌట్, పడకపోతే వాక్. ఆయన బంతుల్ని ఎదుర్కొన్న బ్యాటర్ల సగటు .204 (అంటే దాదాపు ఐదుసార్లకి ఒక్క హిట్), అంతకంటే తక్కువ ఇచ్చిన పెద్ద పిచర్ ఇంకొకరు లేరు. 5,714 స్ట్రైకౌట్లు, 2,795 వాక్‌లు ఒకే మొండితనం లోంచి వచ్చాయి. ఒకటి వద్దనుకుంటే రెండోది కూడా ఉండేది కాదని నా నమ్మకం. వయసు మీద పడ్డాక చేంజప్ (ఫాస్ట్‌బాల్‌లా కనిపించే నెమ్మది బంతి) నేర్చుకుని వాక్‌లు బాగా తగ్గించుకున్నారు, అది వేరే సంగతి.

ఆయన బంతి తగిలి ఎవరికైనా దెబ్బలు తగిలాయా?

తగిలాయి. 1974లో బోస్టన్ ఆటగాడు డగ్ గ్రిఫిన్ తలకి బంతి తగిలి దాదాపు రెండు నెలలు ఆటకి దూరమయ్యారు. ర్యాన్ బంతి ఎదుర్కోవాల్సిన రోజు ఏదో ఒక నొప్పి చెప్పి తప్పుకునేవాళ్లు ఉండేవారని అప్పటి ఆటగాళ్లే చెప్పుకునేవారు.

సై యంగ్ అవార్డు ఎందుకు రాలేదు?

ఏటా ఉత్తమ పిచర్‌కి ఇచ్చే అవార్డు అది. 1973లో 383 స్ట్రైకౌట్లు, రెండు నో-హిట్టర్లు, 21 గెలుపులు ఉన్నా రెండో స్థానమే. జిమ్ పామర్‌కి ఇచ్చారు. అప్పట్లో ఓటు వేసే పత్రికా రచయితలు గెలుపు–ఓటముల లెక్క ముందు చూసేవాళ్లు. ఏంజెల్స్ పరుగులు తీయడంలో బలహీనమైన టీము. ఆ ఏడాది ఆయన ఓటములు 16.

## హ్యూస్టన్ ఆస్ట్రోస్ (1980–88)

మొదటి మిలియన్ డాలర్ల ఆటగాడు ఆయనేనా?

ఏడాదికి మిలియన్ డాలర్లు దాటిన జీతం మొదట అందుకున్నది ఆయనే. 1979 నవంబరులో హ్యూస్టన్ నాలుగేళ్లకి 45 లక్షల డాలర్లు ఇచ్చింది. ఏంజెల్స్ ఆయన్ని ఆపడానికి గట్టిగా ప్రయత్నించలేదు. ఆ సీజన్‌లో 16 గెలుపులు, 14 ఓటములు, అంతకి ఈ డబ్బెందుకు అనుకున్నారు. ర్యాన్‌కి సొంత ఊరు ఆల్విన్ అక్కడికి కూతవేటు దూరం కావడం డబ్బుతో సమానమైన కారణం.

స్ట్రైకౌట్ల రికార్డు ఎప్పుడు బద్దలుకొట్టారు?

1983 ఏప్రిల్ 27న, మాంట్రియల్‌లో. వాల్టర్ జాన్సన్ 1927లో ఆట మానేసేనాటికి ఉన్న 3,508 స్ట్రైకౌట్లని దాటారు. 4,000వ స్ట్రైకౌట్‌కి 1985లో అవుటైంది డానీ హీప్, 5,000వదానికి 1989 ఆగస్టు 22న రికీ హెండర్సన్. ఇప్పుడు రెండో స్థానంలో ఉన్న రాండీ జాన్సన్‌కి 4,875. తేడా 839, అంటే ఒక మంచి పిచర్‌కి నాలుగు సీజన్ల పని.

1987లో 8 గెలిచి 16 ఓడారు. అప్పటికి పని అయిపోయిందా?

నన్నడిగితే ఆయన్ని అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క సీజన్ చాలు. వయసు 40. ఆ ఏడాది నేషనల్ లీగ్‌లో (మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటి) అతి తక్కువ ఈఆర్ఏ ఆయనదే, 2.76. ఈఆర్ఏ అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ ఇచ్చే పరుగుల సగటు. అత్యధిక స్ట్రైకౌట్లు కూడా ఆయనవే, 270. అంటే లీగ్‌లో అందరికంటే తక్కువ పరుగులిచ్చిన మనిషి గెలిచినదానికి రెండు రెట్లు ఓడిపోయాడు. ఆస్ట్రోస్ బ్యాటర్లు ఆయన ఆడే రోజు పరుగులే తీయలేదు. పైగా ముందు ఏడాది మోచేతి లిగమెంట్ దెబ్బతినడంతో టీము ఆయనకి బంతుల లెక్క పెట్టింది. ఆరో ఏడో ఇన్నింగ్స్‌లో దిగిపోవాల్సి వచ్చేది, తర్వాత వచ్చినవాళ్లు ఆట చేజార్చేవాళ్లు. బంతి చేతిలో ఉన్నంతసేపు ఆయన తన పని చేశారు. గెలుపు–ఓటముల పట్టిక చూసి పిచర్‌ని అంచనా వేయకూడదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

హ్యూస్టన్ తరఫున మళ్లీ వరల్డ్ సిరీస్ దాకా ఎందుకు వెళ్లలేదు?

రెండుసార్లు దగ్గరికి వచ్చి ఆగిపోయారు. రెండుసార్లూ వరల్డ్ సిరీస్‌కి ముందు జరిగే సిరీస్‌లోనే. 1980లో ఫిలడెల్ఫియాతో ఆఖరి మ్యాచ్, ఎనిమిదో ఇన్నింగ్స్‌కి 5–2 ఆధిక్యం, బంతి ర్యాన్ చేతిలోనే ఉంది. అక్కడే చేజారింది. 1986లో మెట్స్‌తో ఐదో మ్యాచ్‌లో తొమ్మిది ఇన్నింగ్స్ వేసి రెండే హిట్లు, ఒకే పరుగు ఇచ్చి 12 మందిని స్ట్రైకౌట్ చేశారు. పాదంలో ఎముక చిట్లి ఉండగా వేసిన మ్యాచ్ అది. ఆస్ట్రోస్ కూడా ఒకే పరుగు తీశారు, 12వ ఇన్నింగ్స్‌లో మెట్స్ గెలిచారు.

సొంత ఊరి టీము వదిలి ఎందుకు వెళ్లిపోయారు?

1988 సీజన్ అయ్యాక ఓనర్ జాన్ మెక్‌మల్లెన్ జీతం తగ్గించుకోమన్నారు. ర్యాన్ ఒప్పుకోలేదు, అదే రాష్ట్రంలో ఆర్లింగ్టన్‌కి వెళ్లారు. హ్యూస్టన్ అభిమానులు చాలాకాలం ఆ ఓనర్‌ని క్షమించలేదు.

## టెక్సస్ రేంజర్స్ (1989–93)

42 ఏళ్లకి కొత్త టీములో ఏం సాధించారు?

చాలామంది కెరీర్ మొత్తంలో సాధించనంత. 1989లో 301 స్ట్రైకౌట్లు. 1990 జూన్ 11న ఓక్లాండ్‌లో, అప్పటి ఛాంపియన్ల మీద ఆరో నో-హిట్టర్. ఆ రాత్రి నడుం నొప్పి. ఇన్నింగ్స్‌కీ ఇన్నింగ్స్‌కీ మధ్య టీనేజీ కొడుకు రీస్ డగౌట్‌లో పక్కన కూర్చుని తండ్రి వీపు రుద్దుతూనే ఉన్నాడు. ఆ ఏడాదే జులై 31న మిల్వాకీలో 300వ గెలుపు. ఆయన రాకతో రేంజర్స్ మ్యాచ్‌లకి జనం పోటెత్తారు. అప్పటి ఓనర్లలో ఒకరు, తర్వాత అమెరికా అధ్యక్షుడైన జార్జ్ డబ్ల్యూ బుష్.

ఏడో నో-హిట్టర్ ఎందుకంత ప్రత్యేకం?

1991 మే 1, ఆర్లింగ్టన్, వయసు 44. మ్యాచ్‌కి ముందు పిచింగ్ కోచ్ టామ్ హౌస్‌తో, ఒళ్లంతా నొప్పులుగా ఉంది, ముసలివాణ్ణి అయిపోయినట్టుంది అని చెప్పుకున్నారు. తర్వాత టొరంటో బ్లూ జేస్ మీద 16 స్ట్రైకౌట్లు, రెండు వాక్‌లు, సున్నా హిట్లు. ఆఖరి అవుట్ రాబర్టో అలోమార్, ఫాస్ట్‌బాల్‌కి ఊపి తప్పాడు. ఈ రాబర్టో తండ్రి శాండీ అలోమార్ 1973లో ఏంజెల్స్‌లో ర్యాన్ వెనక రెండో బేస్‌లో నిలబడి ఆడిన మనిషి. తండ్రితో కలిసి ఆడి, కొడుకుని అవుట్ చేసి ముగించారు. అదే రోజు ఓక్లాండ్‌లో రికీ హెండర్సన్ 939వ బేస్ దొంగిలించి (పిచర్ బంతి వేస్తుండగా తర్వాతి బేస్‌కి పరుగెత్తి చేరడం) లూ బ్రాక్ రికార్డు దాటారు. మామూలుగా అయితే దేశమంతా దాని గురించే మాట్లాడుకోవాలి.

మ్యాచ్ అయ్యాక సంబరాలు ముగిశాయో లేదో ర్యాన్ ఎక్సర్‌సైజ్ సైకిల్ ఎక్కేశారు. ప్రతి మ్యాచ్ తర్వాతా తొక్కాలి కాబట్టి ఆ రోజూ తొక్కారు. ఆ వయసుదాకా ఎలా ఆడారు అని అడిగేవాళ్లకి అసలు జవాబు ఆ సైకిలే.

కుర్రాడితో కొట్లాట వీడియో ఒకటి తిరుగుతుంది, ఏం జరిగింది?

1993 ఆగస్టు 4న ర్యాన్ బంతి షికాగో వైట్ సాక్స్ ఆటగాడు రాబిన్ వెంచురాకి తగిలింది. వెంచురా మౌండ్ మీదకి దూసుకొచ్చాడు. 46 ఏళ్ల ర్యాన్ 26 ఏళ్ల వెంచురా మెడ పట్టి వంచి, తల మీద గుద్దులు కురిపించారు. వెంచురాని మైదానం నుంచి పంపేశారు, ర్యాన్ ఆడటం కొనసాగించారు. కొత్తతరానికి ఆయన ఈ అరనిమిషం వీడియోతోనే తెలియడం నాకు బాధగా ఉంటుంది. వెంచురా మంచి ఆటగాడు, ఇద్దరికీ ఇంతకంటే మంచి రోజులు చాలా ఉన్నాయి.

ఆట ఎలా ముగిసింది?

1993 సెప్టెంబరు 22, సియాటిల్. మొదటి ఇన్నింగ్స్‌లోనే, ఒక్క అవుట్ కూడా చేయకముందే మోచేతి లిగమెంట్ తెగిపోయింది. తెగాక ఇంకో బంతి వేసి చూశారు, అది 98 మైళ్లు. అక్కడితో కుదరదని తెలిసి దిగిపోయారు. ఆ ఏడాదే ఆఖరని ముందే ప్రకటించారు. ఇంకో రెండు మ్యాచ్‌లు వేయాల్సి ఉండగా చెయ్యి ముందే ఆగింది.

## ఆట మానేశాక

హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారా?

బేస్‌బాల్ మహామహుల్ని గౌరవించే ఆ జాబితాలోకి 1999లో, అర్హత వచ్చిన మొదటి ఏడాదే చేరారు. 497 మందిలో 491 మంది ఓటేశారు, 98.79 శాతం. ఫలకం మీద రేంజర్స్ టోపీతో ఉంటారు. ఆయన 30 నంబరుని ఏంజెల్స్, 34ని ఆస్ట్రోస్, రేంజర్స్ ఇంకెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టేశాయి.

తర్వాత ఏం చేశారు?

పశువుల పెంపకం చిన్నప్పటి ఇష్టం, ఆడుతున్న రోజుల్లోనే రాంచ్‌లు కొన్నారు. 2000లో గుండెకి బైపాస్ జరిగింది, కోలుకున్నారు. 2008లో రేంజర్స్ అధ్యక్షుడయ్యారు. ఆ హయాంలో టీము 2010, 2011లో వరుసగా వరల్డ్ సిరీస్‌కి వెళ్లింది, రెండుసార్లూ ఓడింది. పిచర్లని బంతుల లెక్కతో కట్టేయొద్దు, ఎక్కువసేపు వేయడం అలవాటు చేయాలి అన్నది ఆయన పట్టిన పట్టు. 2013లో బయటికొచ్చి ఆస్ట్రోస్‌కి సలహాదారుగా 2019 దాకా పనిచేశారు. పెద్ద కొడుకు రీడ్ అప్పుడు ఆ టీము ప్రెసిడెంట్.

రౌండ్ రాక్ ఎక్స్‌ప్రెస్ టీముకీ ఈయనకీ ఏంటి సంబంధం?

ఆస్టిన్ పక్కన మనవాళ్లు బాగా ఉండే రౌండ్ రాక్‌లో 2000 నుంచి ఆడుతున్న మైనర్ లీగ్ టీము అది. ర్యాన్ కుటుంబం భాగస్వామ్యంతో మొదలైంది. "ర్యాన్ ఎక్స్‌ప్రెస్" అన్న ఆయన ముద్దుపేరు నుంచే టీము పేరు వచ్చింది. పియర్‌లాండ్ నుంచి దక్షిణానికి వెళ్లే 288 హైవేకి బ్రజోరియా కౌంటీలో నోలన్ ర్యాన్ ఎక్స్‌ప్రెస్‌వే అని పేరు పెట్టిందీ ఆయన మీద గౌరవంతోనే.

మన దేశం నుంచి పిచర్లు ఎవరైనా వెళ్లారా?

2008లో ఇద్దరు. ఉత్తరప్రదేశ్‌కి చెందిన రింకూ సింగ్, దినేశ్ పటేల్. జావెలిన్ విసిరే కుర్రాళ్లు, ఒక టీవీ పోటీలో ఎంపికై అమెరికా వెళ్లారు. పిట్స్‌బర్గ్ పైరేట్స్ వాళ్లతో ఒప్పందం చేసుకుంది. మైనర్ లీగుల్లో ఆడారు, మేజర్ లీగ్ దాకా వెళ్లలేదు.

ఒక్క మ్యాచ్ చూడమంటే ఏది చూడమంటారు?

1991 మే 1 నాటి బ్లూ జేస్ మ్యాచ్. ముఖ్యాంశాలు కాకుండా, దొరికితే పూర్తి మ్యాచ్ చూడండి. బంతి వేగం కంటే ముందు ఆయన ఎడమకాలు చూడండి, మోకాలు దాదాపు ఛాతీ దాకా లేస్తుంది, ఒక క్షణం అలాగే ఆగుతుంది. ఫాస్ట్‌బాల్‌కి కాచుకున్న బ్యాటర్ మోకాళ్లు కర్వ్‌బాల్‌కి ఎలా వంగిపోతాయో గమనించండి. నియమాలు పూర్తిగా తెలియకపోయినా నాలుగో ఇన్నింగ్స్‌కల్లా ఏం జరుగుతోందో అర్థమైపోతుంది.